నిశ్శబ్దమును కోరు శబ్దము

పఠన మందిరమున ఎవరైనను గట్టిగా మాటలాడినచో, ప్రక్కవారు పెదవులపై వ్రేలుంచి ‘ష్’ అందురు. ఇంత చిన్న శబ్దమునకును చరిత్ర గలదు. ఇంగ్లీషువారు దానినొక త్రోవను, చీనావారు వేరొక త్రోవను నడిపించిరి.

మధ్యయుగపు ఇంగ్లీషున ‘హుష్ట్’ అను పదముండెడిది. ‘ఊరకుండుడు’ అని దాని భావము. తుది ‘ట్’కారమును భూతకాల ప్రత్యయముగా దలచి జనులు దానిని విడిచిరి. అట్లు 16వ శతాబ్దమున ‘హష్’ అను క్రియ వెలసెను. తల్లులు బిడ్డలను నిదురపుచ్చుచు ఆ మాటనే పలికిరి. 18వ శతాబ్ది ఆరంభమునకు, నోరు మూయించుటకై యిచ్చు లంచమునకు ‘హష్ మనీ’ యను పేరును వచ్చెను. జోలకును లంచమునకును ఒకటే మాట!

చీనా లిపియందు ఒక్కొక్క చిహ్నము ఒక పూర్తి పలుకును దెలుపును. వట్టి హల్లును వ్రాయు వీలు లేదు. కావున వారు ‘శ్యూ’ యను ప్రాచీన పదమును గైకొనిరి. నోటి గుర్తును ప్రక్కన ధరించిన ఆ చిహ్నమునకు ‘ఊదుట’ యని క్రీ.శ. 100 ప్రాంతమున శూ షెన్ కూర్చిన నిఘంటువు అర్థము చెప్పినది. అంతకు పూర్వమే చ్వాంగ్ త్సు పేర వెలసిన గ్రంథమున, ఆకాశము వంక జూచి మెల్లగా ఊపిరి విడిచిన యొక జ్ఞానిని వర్ణించుచు ఆ పదమునే వాడిరి. నేడు ఊరకుండుమనుటకును, తరిమివేయుటకును ఆ చిహ్నమును ‘షి’ యని చదువవలెనని నిఘంటువులు చెప్పును. సభలో గిట్టని వానిని ఎగతాళి చేయు ధ్వనికి ‘శ్యూ షెంగ్’ అని పేరు. ఇంగ్లీషున ఈ పనులకు వేర్వేరు మాటలున్నవి: తోలుటకు ‘షూ’, ఎగతాళికి ‘హిస్’. ‘హుష్ కాకి’ యని కాకిని తోలు మనము ఈ యొక్క విషయమున చీనావారికే చేరువ.

ఊపిరి యొక్కటే. అది బిడ్డను జోకొట్టగలదు, పక్షిని తోలగలదు, మనిషిని చిన్నబుచ్చగలదు. పల్లె గ్రంథాలయములందు చదువురాని వారికి పత్రికను పైకి చదివి వినిపించుట పాత ఆచారము. ఆ కంఠమును గూడ మనము ‘ష్’ అని యణచినచో, కాకిని తోలినట్లు మనిషిని గడప దాటించిన వారమగుదుము. కావున ఆ శబ్దము చేయుటకు ముందు, ఎవరిని ఊరకుండుమనుచున్నామో ఒక్క క్షణము చూచుకొనుట మేలు.