పేజర్ నేర్పిన అలవాటు

స్మార్ట్‌ఫోన్లు రాకముందు మాట. కాలిఫోర్నియాలో లారీ ట్రెడ్‌గోల్డ్ అనే ఇంజినీరు కొడుకు తలకి దెబ్బ తగిలింది. ఇలాంటి గాయాలతో మతిమరుపు వచ్చినవాళ్ళకి డైరీ కొనిచ్చి లాభం లేదు, డైరీ చూడాలన్న సంగతి కూడా గుర్తుండాలి కదా! అందుకే ఆయన న్యూరోసైకాలజిస్ట్ నీల్ హెర్ష్‌తో కలిసి న్యూరోపేజ్ తయారుచేశాడు. చేయాల్సిన పనులు ముందే కంప్యూటర్లో ఎక్కించి పెడితే, వేళకి నడుముకున్న పేజర్ మోగి, పనేమిటో తెర మీద చూపించేది. నొక్కడానికి పెద్ద బటన్ ఒక్కటే.

ఇంగ్లండ్‌లో బార్బరా విల్సన్ బృందం దీన్ని 15 మందికి ఇచ్చి చూసి, 1997లో ఫలితాలు ప్రచురించింది. అనుకున్న పనుల్లో వేళకి చెయ్యగలిగినవి సగటున 37 శాతం నుంచి 85కి పెరిగాయి. తర్వాత 143 మందితో చేసిన పరీక్షలోనూ పేజర్ పనికొచ్చిందని 2001లో తేలింది.

నాకు అసలు ఆశ్చర్యం 1997 నాటి ఇంకో అంకె. పేజర్ వెనక్కి తీసుకున్నాక కూడా 74 శాతం! జ్ఞాపకశక్తి తిరిగొచ్చిందని కాదు. రోజూ అదే వేళకి చేసి చేసి, కొన్ని పనులు అలవాటులోకి దిగిపోయి ఉంటాయి.

రిమైండర్లకి కోడ్ రాయడం నా ఉద్యోగం. జనం మా యాప్‌ని వదలకుండా ఎలా చెయ్యాలా అన్నదే మా తాపత్రయం. వదిలేశాక కూడా మనిషికి పనికొచ్చిందా అని మేమెప్పుడూ లెక్కేసుకోలేదు.