మంచుపలకయు, ఆడువారి పాదమును

మంచును ఐసుగడ్డ రూపమున తప్ప చూచి ఎరుగనివారు మన శ్రోతలలో పెక్కుమంది ఉందురు. అయినను స్నోబోర్డు కథ వినదగినదే. ఒకే పలకపై రెండు పాదములను బిగించుకొని, ప్రక్కకు తిరిగి నిలిచి, మంచుకొండ వాలున జారిపోవు క్రీడ ఇది.

ఈ పలక మొదట పుట్టినది ఆడపిల్లల కొరకే. 1965వ సంవత్సరమున క్రిస్మసు నాడు, అమెరికాలో మిచిగన్ రాష్ట్రమందలి మస్కిగన్ పట్టణమున, షెర్మన్ పాపెన్ అను ఇంజనీరు తన కుమార్తెల ఆటకై రెండు స్కీ పలకలను జోడించి ఒకటిగా చేసినాడు. మంచు, సముద్రపు అలలపై తేలియాడు సర్ఫింగు, ఈ రెండింటి ఆంగ్లనామములను కలిపి ఆయన భార్య దానికి 'స్నర్ఫర్' అని పేరు పెట్టినది. పాదములకు పట్టీలు లేవు. ముందుకొసకు కట్టిన త్రాడే ఆధారము. మరుసటి ఏడు బ్రన్స్‌విక్ కంపెనీ దానిని తయారుచేసి అమ్మసాగినది. 1977లో జేక్ బర్టన్ కార్పెంటర్ వెర్మాంటు రాష్ట్రమున ఒక కంపెనీ స్థాపించి ఆ ఆటవస్తువును క్రీడాసాధనముగా మార్చుటకు పూనుకొన్నాడు.

వింత యేమనగా, అమ్మాయిల కొరకు పుట్టిన పలక పరిశ్రమ చేతబడగానే మగవాని కొలతకు మారిపోయినది. స్త్రీలు చాల ఏండ్లు ఆ వెడల్పాటి పలకలతోనే సరిపెట్టుకొన్నారు. మలుపు తిరుగవలెనన్న పలక అంచును మంచులోనికి నొక్కవలెను. చిన్న పాదమునకు వెడల్పు పలకపై ఆ ఒత్తిడి అందదు. తేలిక శరీరమునకు గట్టి పలక వంగదు. తప్పు పలకదైనను, నేర్చుకొను యువతి తన చేతగానితనమేయని కృంగిపోవును. అట్లు ఎందరు ఆ క్రీడను విడిచిరో ఎవరు లెక్కించినారు?

1994 ప్రాంతమున షానన్ డన్, టీనా బేసిచ్ అను క్రీడాకారిణుల పేర సిమ్స్ కంపెనీ పలకలు వెలువడినవి. 1998లో జపానులోని నగానోలో ఈ క్రీడ తొలిసారి ఒలింపిక్సున ప్రవేశించినప్పుడు షానన్ డన్ కాంస్యపతకము గెలుచుకొన్నది. నేడు మహిళల పలకలు నడుమున 24 సెంటిమీటర్ల ప్రాంతమున ఉండగా, పురుషులవి సాధారణముగా 25, ఆపైన ఉండును.

ఇక త్వరగా నేర్చుకొనుచున్న యువతికి ఏ పలక తగును? అంగడివారు కొత్తవారికి మిక్కిలి మెత్తనిదానిని చూపుదురు. మొదటి వారమునకు అది హాయి. వేగము హెచ్చినకొలది పలక వణకును, అంచు పట్టు చాలదు. కనుక నడితరపు గట్టితనము గలదే మేలని మా అభిప్రాయము. కంపెనీలు దీనిని 1 నుండి 10 వరకు అంకెలతో సూచించును గాని, ఒకరి 5 మరియొకరి 5 కాదు. అడుగుభాగము పడవవలె వంగినచో అంచు మంచులో చిక్కుకొని పడవేయు భయము తక్కువ. నడుము విల్లువలె పైకి లేచినచో పట్టు ఎక్కువ. త్వరగా ఎదుగునామెకు రెండును కలిసినది కుదురును. పొడవును గడ్డము ఎత్తుతో కొలుచు పాత పద్ధతి చాలదు. శరీరపు బరువునే ముఖ్యముగా చూడవలెను. బూటు ముందుగా కొని, పలకపై నిలిపి చూచిన, అది రెండంచులను ఒకటి రెండు సెంటిమీటర్లకు మించి దాటరాదు. పాదము పెద్దదైన స్త్రీ పురుషుల పలకను కొనుటకు సంకోచింప నక్కరలేదు.