ఎవరి మనిషి?

ఫ్రాంకుల పాత చట్టాల లాటిన్‌లో 'బారో' అంటే మనిషి, అందులోనూ మగవాడు. అంతకు మించి ఏ హోదా లేదు. నేటి 'బేరన్' బిరుదుకు మూలం ఆ మాటే. పాత ఫ్రెంచిలో దానికి భర్త అనే అర్థమూ ఉండేది. ఇంగ్లండు న్యాయవాదులు భార్యాభర్తల వ్యాజ్యాల్లో భర్తను శతాబ్దాల పాటు 'బేరన్' అనే రాశారు. స్పానిష్‌లో 'వరోన్' అంటే నేటికీ మగవాడే.

మామూలు మనిషి ప్రభువెలా అయ్యాడు? "అతను ఫలానా ఆయన మనిషి" అని మనమూ అంటాం. ఆ 'మనిషి'లో విధేయత ఉంది, అండ కూడా ఉంది. మధ్యయుగపు ఫ్రాన్సులో సామంతుడు మోకరిల్లి, జోడించిన చేతులను దొర చేతుల్లో పెట్టి, నీ మనిషినవుతానని ఒప్పుకునేవాడు. 1066లో ఇంగ్లండును గెలిచిన విలియం భూములు పంచింది అలాంటి తన మనుషులకే. రాజు నుంచి నేరుగా భూమి పొందినవాడు బేరన్. యుద్ధమొస్తే రౌతులను పంపాలి, పిలిస్తే కొలువుకొచ్చి సలహా చెప్పాలి. ఆ రోజుల్లో ఈ పేరు అలంకారం కాదు, బాధ్యత. 1215 నాటి మాగ్నా కార్టా అనే హక్కుల పత్రంలో, జాన్ రాజు మాట తప్పితే నిలదీసే హక్కు 25 మంది బేరన్లకు దక్కింది. రాజు మనుషులే రాజును కట్టడి చేసిన ఆ ఘట్టమే, నా దృష్టిలో, ఈ మాటకు అత్యున్నత గౌరవం.

బేరన్లలో పెద్దా చిన్నా అనే చీలిక కూడా ఆ పత్రంలోనే ఉంది. కొలువుకు రమ్మని పెద్ద బేరన్లకు పేరుపేరునా లేఖలు, చిన్నవారికి షెరీఫుల ద్వారా ఉమ్మడి పిలుపు. పేరున లేఖ అందుకునే ఆ పద్ధతి నుంచే ప్రభువుల సభ రూపుదిద్దుకుంది. 1387లో రెండో రిచర్డ్ రాజముద్ర వేసిన పత్రంతో జాన్ బీచమ్‌ను కిడర్‌మిన్‌స్టర్ బేరన్‌ను చేశాడు. ఇంగ్లండులో పత్రంతో పుట్టిన తొలి బేరన్ ఆయనే. మరుసటి ఏడే పార్లమెంటు ఆయనకు మరణశిక్ష వేసింది. పత్రం ప్రాణం కాపాడలేదు. 1611లో మొదటి జేమ్స్ 'బేరొనెట్' అనే కొత్త బిరుదు పెట్టి, 1,095 పౌండ్లకు ఇచ్చాడు. ఐర్లండులో 30 మంది సైనికులను మూడేళ్లు పోషించే ఖర్చది. సేవ పోయి సొమ్ము వచ్చింది. పతనమంటే అదే.

జర్మనీలో ఈ హోదాను 'ఫ్రైహెర్' అనేవారు. 1919 రాజ్యాంగం దాన్ని ఇంటిపేరులో భాగంగా మిగిల్చింది. బ్రిటన్‌లో 1958 చట్టం కింద జీవితకాలపు బేరన్లను నియమిస్తారు. ఆ బిరుదు పిల్లలకు రాదు. మగవాడనే అర్థంతో మొదలైన మాటకు స్త్రీ రూపమైన 'బేరొనెస్' హోదాతో స్త్రీలు ప్రభువుల సభలో మొదటిసారి కూర్చున్నది ఆ చట్టంతోనే.