దేవుని గూట్ల పసుపుకొమ్ము

దేవుని గూట్ల గా ఎండిన పసుపుకొమ్ము ఎందుకని అడిగినవు గద బిడ్డా? ఇంకో రెండు చిదుగులు మంటల వేసి దగ్గరికి జరుగు, చెప్త. నడుమ కునుకు తియ్యకు, కొమ్ము ముచ్చట ఆఖరుకు వస్తది.

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ అన్నరు. ఒక్క రోజే గద అనుకున్నం. తెల్లారి నుంచి అన్నిటికీ తాళాలే. మీ నాయిన పట్నంల అడ్డ మీద కూలి. రెక్కాడితేగాని డొక్కాడని బతుకు. మీ అమ్మ నెత్తిన మూట, చంకల నువ్వు, ఊరికొచ్చిరి.

సర్కారు కార్డు మీద మనిషికి 12 కిలోల బియ్యం, ఇంటికి 1,500 రూపాయలు ఇచ్చింది. నానమ్మ జన్‌ధన్ ఖాతల మూడు నెలలు 500 చొప్పున పడ్డయి. వేన్నీళ్లకు చన్నీళ్లు. బువ్వకు ఫికర్ లేదు గని, పప్పు, సబ్బు, మందుబిళ్ల యాడికెల్లి వస్తయి? కిరాణా పుస్తకంల మన పేజీ నిండి పక్క పేజీకి పాకింది.

ఎండాకాలం ఉపాధి పనికి పోయినం. రోజు కూలి 237. నా పక్కన తట్ట ఎత్తేదెవరనుకున్నవ్? ప్రైవేటు బడి సారు. ఓడలు బండ్లయితయని వినుడే, ఆనాడు చూసిన. తట్ట అందిస్తూ గూడ ఊరోళ్లు ఆయన్ను 'సార్' అనే పిలిచిరి. మర్యాదంటే గది. సరే, కొమ్ము కాడికొస్త.

అప్పు పెరిగి నానమ్మ పుస్తెలతాడు కుదువ పెట్టినం. మెడల పసుపుకొమ్ము కట్టుకున్నది. ఆ ఆగస్టుల బంగారం తులం 50,000 పైనే ఉండె. నగ విలువల నూటికి 75 ఇచ్చే బ్యాంకులు 90 దాకా ఇయ్యొచ్చని రిజర్వు బ్యాంకు చెప్పింది. ఇగ జూడు, అదే నగ మీద ఇంకింత తెచ్చి కొత్త ఫోన్లు కొన్నోళ్లు గూడ ఉన్నరు! మనమూ ఇంకింత తెద్దమని మీ నాయిన గూడ లేచి నిలవడ్డడు. నానమ్మ ఒకటే అన్నది: "తెచ్చేటప్పుడు తులం లెక్క, కట్టేటప్పుడు కూలి లెక్క. నీ కూలికి ఎంత ఆగుతదో అంతే తే."

మే 1ననే లింగంపల్లి నుంచి హటియాకు మొదటి శ్రామిక్ రైలు పోయింది. జార్ఖండ్ కూలీలు ఇంటిబాట పట్టిరి. పట్నంల కట్టుడు పనులు మల్ల మొదలైతే చేతులు సాలలే. లాక్‌డౌన్ల ఫోనెత్తని గుత్తేదారు పొద్దుమాపు "ఎప్పుడొస్తవ్ తమ్మీ" అని ఒకటే ఫోన్లు.

మీ నాయిన మల్ల పనికెక్కిండు. ముందు కిరాణా పేజీ కొట్టేయించినం, తర్వాత వడ్డీ, ఆఖరుకు అసలు. 2021ల రెండో అల వచ్చి మల్ల కొన్నాళ్లు ఆపింది. 2022 దసరాకు తాడు ఇంటికొచ్చింది.

పేపర్ల కరోనా ఎప్పుడు పోయిందో గని, మనింట్ల ఆ దసరాకే పోయింది. నానమ్మ కొమ్మును పారెయ్యలే, దేవుని గూట్ల పెట్టింది. ఎవరన్న అప్పు మాట ఎత్తితే ఇప్పటికీ ఒకసారి అటు చూస్తది.