భయానికి మెట్లు

నల్లగొండ, మహబూబ్‌నగరు మెట్టపల్లెలలో పిల్లలకు ఈతబడి వ్యవసాయపు బావియే. వీపుకు సొరబుర్రనో బెండునో కట్టి, పెద్దవారు బిడ్డను మొదట నీటి అంచున మెట్టుపై నిలుపుతారు. అలవాటైన కొలది మరొక మెట్టు దింపుతారు. కొన్నాళ్లకు బెండు అవసరముండదు. ఒక్కసారిగా నెట్టివేయబడిన పిల్లవాడో, బావి పేరెత్తితేనే పారిపోవచ్చును.

పిల్లల అతిభయాలకు మనోవైద్యులు చేయు ఎక్స్‌పోజర్ చికిత్స ఈ పద్ధతికి దగ్గరిదే. భయపడి పారిపోయిన బిడ్డకు తత్కాలము ఊరట కలుగుతుంది. కాని తాననుకున్న కీడు జరగదని తెలుసుకొను అవకాశము పోతుంది. అందువల్ల భయము పెరుగుతుంది. కుక్కకు జడిసిన బిడ్డ క్రమముగా బడికే దూరము కావచ్చును.

అమెరికాలో 1920లో వాట్సన్, రేనర్ అనువారు 11 నెలల శిశువుకు తెల్ల ఎలుకను చూపుచు, వెనుక ఇనుపకడ్డీని సుత్తితో మోగించి, ఎలుక అంటేనే భయము పుట్టించారు. ఆ భయమును పోగొట్టనేలేదు. 1924లో మేరీ కవర్ జోన్స్ దీనికి విరుగుడు చూపింది. కుందేలుకు భయపడు పీటర్ అను మూడేండ్ల బాలుడు ఇష్టమైన తినుబండారము తినుచుండగా, పంజరములోని కుందేలును కొద్దికొద్దిగా దగ్గరకు జరిపింది. చివరకు ఆ బాలుడు దానిని నిమిరినాడు. 1958లో జోసెఫ్ వోల్పే తన గ్రంథములో ఇట్టి మెట్టుమెట్టు విధానమునకు ఒక క్రమము కల్పించాడు.

అయితే ఎత్తైన వంతెనను వైద్యుని గదిలోకి తెచ్చుటెట్లు? 1995లో రోత్‌బామ్ బృందము ఎత్తులకు భయపడు కళాశాల విద్యార్థుల తలకు తెర తొడిగి, కంప్యూటరు సృష్టించిన వంతెనలను, గాజు లిఫ్టును చూపింది. వారి భయము తగ్గినది.

పిల్లల విషయములో 2010లో ఖన్నా, కెండాల్ 7 నుండి 13 ఏండ్లవారికి 12 పాఠముల కంప్యూటరు కార్యక్రమమును పరీక్షించారు. మొదటి 6 పాఠములు బిడ్డ స్వయముగా నేర్చుకొనును. భయమును నిజముగా ఎదుర్కొను తరువాతి 6 పాఠములకు మాత్రము శిక్షకుడు ప్రక్కనుండవలెను. ఫలితము వైద్యుడు ఎదుట కూర్చుండి చేయు చికిత్సకు ఇంచుమించు సమానముగా వచ్చినది.

దేవరకొండ వంటి చోట్ల నుండి హైదరాబాదు నిపుణుని వద్దకు వారము వారము పోవుట కూలి కుటుంబములకు సులభము కాదు. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ మానస్‌కు 14416 నంబరున ఫోను చేసి సలహా పొందవచ్చును. యంత్రము దూరమును తగ్గించును, పాఠమును చెప్పును. కాని అది బెండు మాత్రమే. ఏ మెట్టు ఎప్పుడు దింపవలెనో బిడ్డ ముఖము చూచి నిర్ణయించుటకు ఒడ్డున తెలిసిన మనిషి నిలిచి ఉండవలసినదే.