శాకులికశబ్దము

ఓరుగంటి ప్రాంతమువారు కొర్రమట్ట యను కొరమీనునకు సంస్కృతమున శకులమని పేరు. చేఁపలఁ జంపువాని యర్థమునఁ బాణిని ఠక్ప్రత్యయము విధింపఁగాఁ గాశికావృత్తి శాకులికశబ్దము నుదాహరించినది. అమ్మువానికి సూత్రము వేఱు. అశోకుఁడు పట్టాభిషిక్తుఁడైన 26 ఏండ్లకు వ్రాయించిన యైదవ స్తంభశాసనమునఁ గొన్ని పర్వదినములందుఁ జేఁపలఁ జంపుటయు నమ్ముటయుఁ గూడ నిషిద్ధములు. నాకీ రెండవ నిషేధమే ముఖ్యముగాఁ దోఁచుచున్నది. అంగడి తెఱచియున్నంతకాలము వల యూరకుండునా?

కాకతి గణపతిదేవునినాఁటి పాఖాల చెఱువునకును నీ విచారము చెల్లును. కొరమీను వానకాలమునఁ గ్రుడ్లుపెట్టి, పిల్లలఁ గాచుకొనును. గాలి పీల్చుకొన నెఱ్ఱని పిల్లలగుంపు పైకిఁ దేలఁగనే గాలమువాఁడు తావు గుర్తించును. కాచు మీను పోయినచోఁ బిల్లలు పరమత్స్యముల పాలగును. 2016లో తెలంగాణ రాష్ట్రమత్స్యముగాఁ బ్రకటింపఁబడిన దిదియే. నేను మత్స్యభోజినిఁ గాను. అయినను నిషేధము చెఱువుగట్టునకంటె ముందు వానకాలపుటంగడికిఁ జెల్లవలయునని నా యభిప్రాయము.