గ్రీన్‌వుడ్ కోర్టు బేస్‌మెంట్‌లో దొరికిన కాగితం | ఎమ్మెట్ టిల్ కేసు

ఈ రోజు కథ ఒక హత్య గురించే, కానీ హత్య కంటే ఎక్కువగా ఆ హత్య కాగితాల గురించి. అవి ఏ ఊళ్ళో, ఏ బిల్డింగ్‌లో ఉన్నాయి, ఎవరు వెతికారు, ఎలా దొరికాయి అన్నది చూద్దాం.

2022 జూన్‌లో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో, గ్రీన్‌వుడ్ అనే చిన్న ఊళ్ళో, లెఫ్లోర్ కౌంటీ కోర్టు బేస్‌మెంట్‌లోకి కొంతమంది వెళ్ళారు. వాళ్ళలో ఎమ్మెట్ టిల్ బంధువులు ఉన్నారు, ఈ కేసు మీద ఏళ్ళ తరబడి పని చేసిన ఒక డాక్యుమెంటరీ డైరెక్టర్ ఉన్నాడు. అక్కడ పాత ఫైళ్ళు అట్టపెట్టెల్లో ఉన్నాయి. పెట్టెల మీద ఏ దశాబ్దానివో రాసి ఉంది, అంతే. కేసు నంబర్ కొడితే కాగితం బయటకొచ్చే సెర్చ్ బాక్స్ ఏదీ లేదు. వీళ్ళు 50లు, 60ల పెట్టెలు పక్కకు తీసి ఒక్కొక్కటీ తెరుస్తూ పోయారు. ఒక ఫోల్డర్‌లో ఒక అరెస్ట్ వారెంట్ కనిపించింది. తేదీ 1955 ఆగస్టు 29. నేరం కిడ్నాప్. నిందితుల్లో ఒక పేరు 'మిసెస్ రాయ్ బ్రయంట్'. ఆ వారెంట్ మీద ఆవిడని ఎవరూ, ఎప్పుడూ అరెస్ట్ చేయలేదు. ఇది అసలు కాగితమేనని అక్కడి కోర్టు క్లర్క్ ధ్రువీకరించాడు.

ఇప్పుడు వెనక్కి వెళ్దాం. ఎమ్మెట్ టిల్ 14 ఏళ్ళ నల్లజాతి అబ్బాయి, షికాగోలో పెరిగాడు. 1955 ఆగస్టులో వేసవి సెలవులకి మిసిసిపీలో చుట్టాలింటికి వచ్చాడు. అక్కడ మనీ అనే పల్లె ఉంది. ఆగస్టు 24న ఆ పల్లెలో బ్రయంట్ వాళ్ళ కిరాణా కొట్టుకి వెళ్ళాడు. కౌంటర్లో ఉన్నది కెరలిన్ బ్రయంట్, 21 ఏళ్ళ తెల్లజాతి మహిళ. అబ్బాయి ఆమెతో తప్పుగా ప్రవర్తించాడని ఆరోపణ. ఆగస్టు 28 తెల్లవారుజామున ఆమె భర్త రాయ్ బ్రయంట్, అతని సవతి అన్న జె.డబ్ల్యూ. మైలమ్ కలిసి ఎమ్మెట్ తాత వరస అయ్యే మోజ్ రైట్ ఇంటికి వచ్చి, పిల్లాణ్ణి లేపి తీసుకెళ్ళారు. మూడు రోజుల తర్వాత టల్లహాచీ నదిలో శవం దొరికింది. మెడకి ముళ్ళతీగతో పత్తి మిల్లు ఫ్యాన్ కట్టి ఉంది. షికాగోలో తల్లి మేమీ టిల్ శవపేటిక మూత తెరిచే ఉంచమంది. నా కొడుకుని ఏం చేశారో లోకం చూడాలి అంది. ఆ ఫోటో చాలామంది చూసే ఉంటారు, అందుకే నేను ఇక్కడ వేయట్లేదు.

ఇక్కడ జాగ్రత్తగా వినండి, ఈ కథలో కాగితాల తిప్పలు మొత్తం ఇక్కడే మొదలవుతాయి. అమెరికాలో కౌంటీ అంటే మన జిల్లా లాంటిది అనుకోండి, కానీ సైజులో చాలా చిన్నది. ప్రతి కౌంటీకి సొంత కోర్టు, సొంత షెరీఫ్, సొంత క్లర్క్. రికార్డులు పుట్టేది అక్కడే, సాధారణంగా ఉండిపోయేది కూడా అక్కడే. పిల్లాణ్ణి ఎత్తుకెళ్ళింది లెఫ్లోర్ కౌంటీలో. శవం దొరికింది టల్లహాచీ కౌంటీలో. కొట్టి హింసించిన కొట్టం ఉన్నది మూడో కౌంటీ, సన్‌ఫ్లవర్‌లో. శవం మా దగ్గర దొరికింది కాబట్టి కేసు మాదే అని టల్లహాచీ షెరీఫ్ అన్నాడు. అలా హత్య కేసు విచారణ అక్కడికి పోయింది, కిడ్నాప్ కేసు లెఫ్లోర్‌లో మిగిలింది. అంటే ఒకే రాత్రి జరిగిన నేరానికి రెండు కోర్టుల్లో రెండు ఫైళ్ళు. పైగా టల్లహాచీకి కౌంటీ సీట్లే రెండు, చార్ల్‌స్టన్, సమ్నర్. విచారణ సమ్నర్‌లో జరిగింది. ఇది తెలియనివాళ్ళు చార్ల్‌స్టన్ వెళ్ళి ఎంత వెతికినా లాభం లేదు. పాత కోర్టు రికార్డు వెతికేవాళ్ళు మొదట అడగాల్సిన ప్రశ్న 'ఏ కేసు' కాదు, 'ఏ బిల్డింగ్'.

సమ్నర్‌లో విచారణ 1955 సెప్టెంబర్ 19 నుంచి 23 వరకు, ఐదు రోజులు. జ్యూరీలో 12 మంది, అందరూ తెల్ల మగవాళ్ళే. ఎందుకంటే జ్యూరీకి పేర్లు ఓటర్ల లిస్టు నుంచి తీస్తారు. ఆ కౌంటీలో సగం కంటే ఎక్కువ మంది నల్లవాళ్ళు, కానీ ఓటరుగా నమోదైన నల్లజాతి మనిషి ఒక్కడూ లేడు. ఆడవాళ్ళకి ఆ రాష్ట్రంలో జ్యూరీలో కూర్చునే హక్కే లేదు. 67 నిమిషాలు చర్చించి ఇద్దరూ నిర్దోషులు అన్నారు. కొన్ని నెలలకే, 1956 జనవరిలో, ఆ ఇద్దరూ డబ్బు తీసుకుని 'లుక్' పత్రికకి చంపింది మేమే అని చెప్పారు. ఒకసారి నిర్దోషి అని తీర్పు వస్తే అదే నేరానికి మళ్ళీ విచారించకూడదు కాబట్టి ఎవరూ ఏమీ చేయలేకపోయారు.

తర్వాత ఆ విచారణలో ఎవరు ఏం చెప్పారో రాసిన ట్రాన్‌స్క్రిప్ట్ మాయమైంది. ఎవరో కావాలని తగలబెట్టారని మనం వెంటనే అనుకుంటాం. అంత సినిమా అక్కర్లేదు. సాధారణంగా సాక్ష్యాలన్నీ పూర్తిగా టైప్ చేయించేది అప్పీలు కోసం. నిర్దోషి అని తీర్పు వస్తే ప్రభుత్వం అప్పీలుకి వెళ్ళలేదు. అప్పీలే లేనప్పుడు పైకోర్టులో కాపీ ఉండదు. మన భాషలో చెప్పాలంటే బ్యాకప్ లేని సర్వర్. ఉన్న ఒకటి రెండు కాపీలు ఎవరి అల్మారాలో ఉంటే వాళ్ళవి. 1960ల మొదట్లో హ్యూ స్టీఫెన్ విటేకర్ అనే విద్యార్థి, తనూ టల్లహాచీ కౌంటీ వాడే, ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీలో మాస్టర్స్ థీసిస్ కోసం ఒక కాపీ సంపాదించాడు. తర్వాత అతని ఇంటి బేస్‌మెంట్‌లోకి నీళ్ళొచ్చి అది పాడైపోయింది. అక్కడి నుంచి దశాబ్దాల పాటు ఈ కేసు మీద పుస్తకం రాసిన ప్రతివాళ్ళూ పేపర్ కటింగ్‌ల మీదే ఆధారపడ్డారు.

2004లో అమెరికా న్యాయశాఖ కేసు మళ్ళీ తెరిచింది. అప్పటికి ఇద్దరు నిందితులూ చనిపోయారు. తల్లి మేమీ కూడా 2003 జనవరిలో చనిపోయింది, ఇంకొంత కాలం ఉండి ఉంటే చూసేది. ఎఫ్‌బీఐ వాళ్ళకి ట్రాన్‌స్క్రిప్ట్ కాపీ ఒకటి దొరికింది. అది కాపీకి తీసిన కాపీ, అక్షరాలు వెలిసిపోయాయి. 350 పేజీల పైనే ఉన్నదాన్ని లైను లైనుగా కూర్చుని మళ్ళీ టైప్ చేశారు. ఇప్పుడు అది ఎవరైనా చదువుకోవచ్చు. మీ ఫోన్లో కూడా ఓపెన్ అవుతుంది.

చదివితే రెండు విషయాలు కళ్ళకి కొట్టొచ్చినట్టు కనపడతాయి.

మొదటిది మోజ్ రైట్ సాక్ష్యం. 64 ఏళ్ళ నల్లజాతి కౌలురైతు కోర్టులో లేచి నిలబడి, పిల్లాణ్ణి తీసుకెళ్ళిన తెల్లవాణ్ణి వేలు పెట్టి చూపించాడు. ఆ కాలంలో అక్కడ ఆ పని చేస్తే ప్రాణాలకి గ్యారంటీ లేదు. ఆయన 'దార్ హీ' అన్నాడని, అంటే చదువురాని యాసలో మాట్లాడాడని, పత్రికలు రాశాయి. పుస్తకాలన్నీ అదే కాపీ కొట్టాయి. ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఉన్నది మాత్రం మామూలు ఇంగ్లీషు వాక్యం, 'దేర్ హీ ఈజ్'. కోర్టు రిపోర్టర్ సరిదిద్ది రాశాడా, లేక విలేకర్లే యాస తగిలించారా అని మీరు అడగొచ్చు. అడగాల్సిన ప్రశ్నే, ఎందుకంటే రికార్డు కూడా ఒక మనిషి చేత్తో రాసిందే. అదే రికార్డులో ఇంకో సంగతి ఉంది. ప్రాసిక్యూటర్, అంటే ఆయన తరఫు లాయరే, ఆయన్ని 'అంకుల్ మోజ్' అని పిలుస్తాడు. తెల్లవాళ్ళకి మాత్రం 'మిస్టర్'. మనకి అంకుల్ అంటే మర్యాద. అక్కడ అది 'మిస్టర్' అనాల్సి వస్తుందని తప్పించుకోవడానికి వాడిన మాట. పెద్దవయసు మనిషిని కూడా 'ఒరేయ్' అని పిలిచే ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళకి దీని గురించి నేను విడిగా చెప్పక్కర్లేదు.

రెండోది కెరలిన్ బ్రయంట్ సాక్ష్యం. జ్యూరీని బయటికి పంపి జడ్జి ముందు చెప్పించారు. అబ్బాయి తన నడుము పట్టుకున్నాడని, అసహ్యంగా మాట్లాడాడని ఆమె చెప్పింది. విచారణకి ముందు తమ లాయర్లకి ఆమె చెప్పినట్టు ఉన్న నోట్స్‌లో ఈ నడుము పట్టుకోవడం లేదు. 2017లో ఒక చరిత్రకారుడు, ఆ మాట నిజం కాదని ఆమె తనతో ఒప్పుకుందని పుస్తకంలో రాశాడు. పెద్ద గొడవ అయింది. న్యాయశాఖ పరిశీలించింది, కానీ రికార్డింగ్‌లో ఆ ఒప్పుకోలు లేదు, నిరూపించలేమని 2021 డిసెంబర్‌లో ఫైల్ మూసేసింది.

మూసిన ఆరు నెలలకే వారెంట్ బయటపడింది. అది ఉందని వెతికినవాళ్ళకి ముందే ఎలా తెలుసు? 1955 పేపర్లలోనే ఆ వార్త వచ్చింది. ఇద్దరు చిన్న పిల్లల తల్లిని ఇబ్బంది పెట్టడం ఇష్టం లేదని లెఫ్లోర్ షెరీఫ్ అప్పుడే విలేకర్లకి చెప్పాడు. కిడ్నాప్ రాత్రి కారులోంచి మగవాళ్ళ గొంతు కంటే పల్చటి గొంతు వినిపించిందని మోజ్ రైట్ కోర్టులో చెప్పాడు. అంటే పాత పేపర్ తేదీ ఇచ్చింది, తేదీ దశాబ్దాన్ని ఇచ్చింది, నేరం ఎక్కడ జరిగిందన్నది కౌంటీని ఇచ్చింది. మిగిలింది పెట్టెలు దించడమే.

ఆ పెట్టెలు బయటివాళ్ళు తెరవొచ్చా అంటే, తెరవొచ్చు. కోర్టు రికార్డుల్ని చూసే, నకలు తీసుకునే హక్కు మామూలు జనానికి ఉందని అమెరికా సుప్రీంకోర్టు 1978లో నిక్సన్ టేపుల కేసులో చెప్పింది. దానికి పరిమితులు ఉన్నాయని కూడా అదే తీర్పులో చెప్పింది. గ్రాండ్ జ్యూరీ లోపల జరిగేది రహస్యం. 1955 నవంబర్‌లో లెఫ్లోర్ గ్రాండ్ జ్యూరీ కిడ్నాప్ కేసు పెట్టడానికి ఒప్పుకోలేదు. లోపల ఏం మాట్లాడుకున్నారో చదవడానికి మనకి ట్రాన్‌స్క్రిప్ట్ లేదు. ఇంకోటి, అమెరికాలో ఉన్న మన ఫ్రెండ్స్ కోసం. పేసర్ అనే సైట్లో పేజీకి 10 సెంట్లు కట్టి చూసేవి ఫెడరల్ కోర్టు కేసులు. కౌంటీ కేసు అందులో దొరకదు. మిసిసిపీలో అయితే క్రిమినల్ ఫైలుకి సర్క్యూట్ క్లర్క్ దగ్గరికి, భూమి పత్రాలకి చాన్సరీ క్లర్క్ దగ్గరికి వెళ్ళాలి. మనకీ ఈ-కోర్ట్స్ యాప్‌లో 16 అక్షరాల సీఎన్ఆర్ నంబర్ కొడితే కేసు వచ్చేస్తుంది కదా అని ధీమా. తాతల కాలం పొలం కేసు కొట్టి చూడండి. దానికి రికార్డు రూమ్, నకలు దరఖాస్తు, మంచి మాట తప్ప దారి లేదు.

వారెంట్ దొరికాక ఎమ్మెట్ కుటుంబం అడిగింది ఒక్కటే, దాన్ని అమలు చేయండి అని. 2022 ఆగస్టులో లెఫ్లోర్ కౌంటీలో గ్రాండ్ జ్యూరీ కూర్చుంది. కిడ్నాప్, హత్య కాని నరహత్య, రెండింటిలోనూ కేసు పెట్టడానికి ఆధారాలు చాలవంది. 2023 ఏప్రిల్ 25న కెరలిన్ బ్రయంట్ లూసియానాలో 88 ఏళ్ళ వయసులో చనిపోయింది. అదే ఏడాది జూలై 25న, ఎమ్మెట్ బతికుంటే 82వ పుట్టినరోజు అయ్యే రోజున, సమ్నర్ కోర్టు బిల్డింగ్‌ని జాతీయ స్మారకంలో భాగం చేశారు. ఇప్పుడు ఎవరైనా వెళ్ళి ఆ కోర్టు హాలు చూసి రావొచ్చు.

ఈ ఎపిసోడ్‌కి ఇంతే. ఆ 350 పేజీలు ఓపెన్ చేస్తే మొదట మోజ్ రైట్ పేజీలు చదవండి. వచ్చే వారం కలుద్దాం.